బొమ్మ అంచున కూర్చున్న పిల్ల

ట్రైనింగ్ కాలేజీ, మేడ మీది గది
ఆగస్టు 4

అక్కా,

ముందే చెప్పేస్తున్నా, ఈసారి ఉత్తరం నిండా నా ఉద్యోగం గోలే. ఓపిక లేకపోతే చివరి పేరా చదువు చాలు.

కాబోయే టీచర్లు పదిహేను మంది ఈ ఏడాది నా పాలబడ్డారు. నాలుగు రోజులు స్కూళ్ళకెళ్ళి పాఠాలు చెబుతారు, శుక్రవారం నా దగ్గరికొస్తారు. "ఈ వారం క్లాసు ఎలా జరిగింది?" అంటే "బాగానే జరిగింది మేడమ్" అంటారు, అంతే. ఆ పైన నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంటారు. అందుకని ఓ పని చేశాను. పాత క్యాలెండర్లూ పత్రికలూ ముందేసుకుని నలభై ఫోటోలు కత్తిరించి అట్టముక్కలకి అంటించాను. తుప్పు పట్టిన తాళం, వానలో ఆగిపోయిన బస్సు, నిచ్చెన పట్టుకుని నిలబడ్డ మనిషి, ఇలాంటివి. నేల మీద పరిచి, ఈ వారం క్లాసులో మీరెలా ఉన్నారో ఆ బొమ్మ తీసుకుని ఎందుకో చెప్పండి అన్నాను. తాళం బొమ్మ తీసుకున్నతను ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. వెనక బెంచీ వాళ్ళంటే తనకి భయమని, వాళ్ళ వైపు చూడకుండానే పాఠం ముగించేస్తున్నానని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

రెండే నియమాలు పెట్టాను. గదిలో అన్న మాట గది దాటకూడదు. బొమ్మ చూసి చెప్పిన దాంట్లో తప్పంటూ ఉండదు, ఎవరికి ఏది కనబడితే వాళ్ళకి అదే నిజం.

ఆ పదిహేను మందిలో అందరికంటే పొడుగైన పిల్లని, మా పొడుగమ్మాయిని, నీ ఐదో తరగతికే వేయించాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషి దగ్గర నేర్చుకోవాలని. ఆమె పాఠాలు నువ్వు గమనించి పరిశీలన పుస్తకంలో రాయాలి, మొహమాటపడకు.

ఇందులో ఒక బొమ్మ పెడుతున్నా. ఏం కనబడిందో, అందులో నీ క్లాసు ఎక్కడుందో రాయి. ఫోన్లో అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తావని ఉత్తరంలో అడుగుతున్నా.

నీ చిట్టి


స్కూలు, స్టాఫ్ రూమ్
ఆగస్టు 17

చిట్టీ,

చివరి పేరా ఒక్కటే చదవమన్నావు గానీ మొత్తం చదివాను. చిన్నప్పుడు నా పుస్తకాల్లో బొమ్మలన్నీ కత్తిరించేశావని నీ వీపు మీద ఒకటి వేశాను, గుర్తుందా? ఇప్పుడు దానికి జీతం కూడా ఇస్తున్నారన్నమాట.

నీ పొడుగమ్మాయి మంచిదే. గొంతు చిన్నది, ఓపిక పెద్దది. నల్లబల్ల మీద రాత ముత్యాలే. పిల్లలు ఆమెను ఇబ్బంది పెట్టడం లేదు, అదే నాకు ఆశ్చర్యం. మా ముప్పై నాలుగు మందీ కొత్తవాళ్ళని మొదటి వారంలోనే ఏడిపించి పంపే రకాలు.

ఇక నీ బొమ్మ. రైలు స్టేషన్లో బెంచీ మీద పెద్దావిడ. ఒళ్ళో సంచి. ఒక్కర్తే కూర్చుని ఉంది. చుట్టూ ఎవరూ లేరు. రైలు వెళ్ళిపోయిందో, ఇంకా రాలేదో ఆమెకే తెలియాలి. నా క్లాసు ఎక్కడుందంటే ఏం చెప్పను? ఆ సంచిలో ఉందనుకో. గట్టిగా పట్టుకుని కూర్చుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

చాలా? మార్కులెన్నేశావు?

అక్క


ట్రైనింగ్ కాలేజీ, మేడ మీది గది
సెప్టెంబరు 2

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపాను. కోపం తెచ్చుకోకుండా చదువు.

ఆ బొమ్మలో ఆవిడ ఒక్కర్తే లేదు. బెంచీకి కుడివైపు చివర ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంది. కాళ్ళూపుతూ, ఆవిడ వైపే చూస్తూ ఉంది. ఎడమ అంచున ఒకతను చెయ్యి ఊపుతున్నాడు. నువ్వు ఇద్దర్నీ వదిలేశావు. అతన్ని వదిలేస్తే సరే. ఇరవై తొమ్మిదేళ్ళ టీచరు, పిల్లని వదిలేసింది.

నా దగ్గర ఇదే బొమ్మ తీసుకున్న ప్రతివాళ్ళూ మొదట ఆ పిల్ల గురించే మాట్లాడారు. అక్కా, నువ్వు అలిసిపోయావు. బావ పోయాక ఒక్క రోజు సెలవు పెట్టలేదు. పిల్లలు నీ కళ్ళెదుట ఉన్నా నీ మనసు వాళ్ళని చూడటం మానేసింది. ఇది నిందించడం కాదు, చాలామందికి జరిగేదే. ఓ ఏడాది సెలవు పెట్టి నా దగ్గరికి రా. మీ మరిది కూడా రమ్మంటున్నారు.

నిజం దాచడమెందుకు, నీ ఉత్తరం మా వాళ్ళకి చదివి వినిపించాను. నీ పేరు చెప్పలేదు. ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి బొమ్మలోంచి పిల్లని ఎలా తుడిచేస్తుందో చూడండి అని గంటసేపు మాట్లాడాను. పొడుగమ్మాయి తల దించేసుకుంది. ఆమె సంగతీ నాకు బెంగగానే ఉంది. నాలుగు శుక్రవారాలుగా నిచ్చెన పట్టుకున్న మనిషి బొమ్మే తీసుకుంటోంది. ఆ బొమ్మలో పైనున్నవాళ్ళ పాదాలు మాత్రమే కనబడతాయి. ఎందుకు తీసుకున్నావంటే మాట్లాడదు. తను ఎక్కడానికి భయపడుతోందని నేనే చెప్పాను, ఊరుకుంది. నీ క్లాసులో ఆమెను కాస్త ముందుకు తొయ్యి.

చిట్టి


ఇల్లు
సెప్టెంబరు 14

చిట్టీ,

గదిలో మాట గది దాటకూడదన్నావు. నా ఉత్తరానికి గది లేదా?

నువ్వన్నది నిజమే అయ్యుండొచ్చు. వాదించను. సోమవారం గోడవైపు బెంచీలో కూర్చునే పిల్ల వాళ్ళమ్మ వచ్చింది. చేతుల మీద కుట్టు మిషను నూనె మరకలు, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. "మా పిల్ల రోజూ చెయ్యెత్తుతుందట మేడమ్. జూన్ నుంచి ఒక్కసారి కూడా మీరు అడగలేదట. ఏం తప్పు చేసిందో చెప్పండి, నేను నేర్పుకుంటాను" అంది. గొడవపడటానికి రాలేదు, అదే నన్ను చంపేసింది. ఏ తప్పూ చెయ్యలేదమ్మా, రేపటి నుంచి అడుగుతానని చెప్పి పంపాను. మంగళవారం గుర్తుపెట్టుకుని అడిగాను. ఆ పిల్ల లేచి జవాబు చెప్పి, కూర్చోవడం మర్చిపోయి అలాగే నిలబడింది.

అలిసిపోయానంటావా, సరే అదే అనుకో. సెలవు మాట మాత్రం ఎత్తకు. క్లాసు లేకపోతే పొద్దున లేచి నేనేం చెయ్యాలో నాకు తెలియదు. ఇంకో బొమ్మ పంపకు.

అక్క


ట్రైనింగ్ కాలేజీ, మేడ మీది గది
సెప్టెంబరు 25

అక్కా,

తప్పయింది. ఉత్తరం చదివి వినిపించకుండా ఉండాల్సింది. నోరు జారితే సర్దుకోవచ్చు, నేను గంటసేపు జారాను.

ఒక్క సంగతి అడుగుతా. నీ ఉత్తరంలో మూడు చోట్ల లైను మీద లైను రాశావు. కుడివైపు మాటలు కాగితం దాటిపోయి సగమే ఉన్నాయి. "నేర్పుకుంటాను" అనే మాట నేను ఊహించుకుని చదివాను. చేతికేమైంది? మన ఇంట్లో రాత నీదే బాగుండేది. నాన్న దుకాణం బోర్డు కూడా నువ్వే రాశావు.

పొడుగమ్మాయి పరిశీలన పుస్తకం చూశాను. నువ్వు నోటితో చెబుతుంటే ఆమే రాసుకుంటోందట. తన పాఠం గురించి తనే అంత కఠినంగా రాసుకునే అమ్మాయిని నేను చూడలేదు. మొన్న శుక్రవారమూ నిచ్చెన బొమ్మే.

చిట్టి


స్కూలు, ఐదో తరగతి గది
అక్టోబరు 9

చిట్టీ,

మణికట్టు నొప్పి. అందుకే నీ పొడుగమ్మాయి చేత రాయిస్తున్నా. నువ్వు దాన్ని కూడా అట్ట మీద అంటించి అర్థాలు తియ్యకు.

నేను బాగున్నాను. పిల్లలు బాగున్నారు. గోడవైపు పిల్లని రోజూ అడుగుతున్నాను. హెడ్‌మిస్ట్రెస్ వచ్చే ఏడాది కూడా ఐదో తరగతి నాకే అంది. మరిదిగారిని అడిగానని చెప్పు. చలి రాకముందే స్వెట్టర్లు ఎండలో వెయ్యి.

అక్క

ఈ కిందిది మా క్లాసు మేడమ్ చెప్పింది కాదు. సంతకం ఎక్కడ పెట్టాలో నా వేలు పట్టుకుని వెతుక్కుని పెట్టారు. కవరు అంటించమని నాకిచ్చి వెళ్ళారు. తప్పు చేస్తున్నానని తెలుసు.

మేడమ్‌కి పక్కలు కనబడవు. ఎదురుగా ఉన్నది కనబడుతుంది. గోడవైపు రెండు బెంచీలూ, కిటికీవైపు రెండు బెంచీలూ ఆవిడకి లేనట్టే. తలుపు చట్రానికి రోజూ అదే భుజం తగులుతుంది, అక్కడ నల్లగా కమిలిపోయింది. మెట్ల దగ్గర నేను ఒక మెట్టు ముందు నడుస్తాను. మీ పోయిన ఉత్తరం కూడా నేనే చదివి వినిపించాను. పోయిన చలికాలం కళ్ళజోడు దుకాణంలో పెద్దాసుపత్రికి వెంటనే వెళ్ళమని రాసిచ్చిన చీటీ హాజరుపట్టీలో ఉంది. వెళ్ళలేదు. ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకున్నారు. మీరు ఆ ఉత్తరం మాకు చదివి వినిపించిన రోజు, పిల్లని తుడిచెయ్యలేదు, కనబడలేదు అని చెబుదామని లేచాను. ఇచ్చిన మాట గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

నిచ్చెన ఎక్కడానికి భయపడుతున్నానని మీరన్నారు. నాకు ఎక్కాలని లేదు మేడమ్. వదిలేస్తే పైనున్నవాళ్ళు పడిపోతారని పట్టుకున్నాను. ఇక నా వల్ల కావడం లేదు.


ట్రైనింగ్ కాలేజీ, మేడ మీది గది
అక్టోబరు 14

అక్కా,

ఈ ఉత్తరం నీకు పొడుగమ్మాయే చదివి వినిపిస్తుంది. ఇంకో దారి లేదు. అందుకని ముందు ఆమెకు చెబుతున్నా: అమ్మాయ్, ఇక్కడి నుంచి మెల్లగా చదువు. ఒక్క మాట కూడా మింగేయకు. అక్కా, నువ్వు ఆమెను మధ్యలో ఆపకు.

నీకు పక్కలు కనబడటం లేదని నాకు తెలిసిపోయింది. ఆ అమ్మాయే రాసింది. తిట్టాలనుకుంటే నన్ను తిట్టు, ఎందుకంటే చెప్పాల్సిన అవసరం లేకుండానే నేను గ్రహించాల్సింది. నువ్వు బొమ్మలో మధ్యలో ఉన్నది మాత్రమే రాశావు. రెండు అంచులూ వదిలేశావు. పసిపిల్లలకి కూడా అర్థమయ్యే సంగతి అది. కానీ నేను నీ మనసులోకి చూశాను, ఒంటరితనం చూశాను, అలసట చూశాను. నీ కళ్ళ వంక మాత్రం చూడలేదు. బొమ్మ చూసి చెప్పేదాంట్లో తప్పంటూ ఉండదని నేనే నియమం పెట్టుకుని, దాని వెనక కూర్చున్నా. నీకు కనబడలేదు అనే మాట నా బుర్రకి తట్టలేదు. పిల్లల్ని చూడటం మానేశావని నిన్నన్నాను. నువ్వు ఆ మాట పడి, నిజమే అయ్యుండొచ్చు అని రాశావు. తెలిస్తే ఆసుపత్రికి తీసుకెళతానని ఆ నింద కూడా మోశావు.

నాన్న గుర్తొస్తున్నాడు. దుకాణం గుమ్మానికి భుజం కొట్టుకుంటే పరధ్యానం అని అమ్మ విసుక్కునేది. చివరికి గోడ పట్టుకుని నడిచాడు. నేను చిన్నదాన్ని, నాకు ముసలితనం అని చెప్పారు.

నీకు చూపు పోతోందక్కా. రోజులు గడిచేకొద్దీ ఇంకా పోతుంది. నువ్వు ఆసుపత్రికి వెళతావా, నేను హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చెయ్యనా? బెదిరిస్తున్నాననుకో, ఫరవాలేదు.

చిట్టి


ఇల్లు
అక్టోబరు 20

చిట్టీ

నేనే రాస్తున్నా. కాగితం కింద స్కేలు పెట్టుకుని, లైనుకి నాలుగే మాటలు. ఈ ఉత్తరం ఇంకొకరి నోటి మీదుగా నీకు చేరడం నాకిష్టం లేదు.

ఆ అమ్మాయి నీ ఉత్తరం మొత్తం చదివింది. ఏడుస్తూనే చదివింది. మధ్యలో ఆపమన్నాను, ఆపలేదు. బయటికి పొమ్మన్నాను. వెళ్ళింది. తర్వాత మెట్ల దగ్గర చూస్తే ఒక మెట్టు కింద నిలబడి ఉంది. ఆమె మీద కోపం రెండు రోజులు. నీ మీద ఇంకా ఉంది.

ఇది చదివాక నీకు నా మీద ఉంటుంది. నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేను. అమ్మకి భయం, నువ్వు చిన్నదానివి. నీటికాసులు అన్నాడు డాక్టరు. కంటి లోపల ఒత్తిడి పెరిగి పక్కల నుంచి చూపు తినేస్తుంది, నొప్పి ఉండదు అన్నాడు. ఇది రక్తంలో వస్తుంది, పిల్లలు నలభై దాటాక ఏడాదికోసారి చూపించుకోవాలి అన్నాడు. మీ చెల్లికి కూడా చెప్పమ్మా అన్నాడు.

నీకు చెప్పలేదు. మొదట చిన్నదానివని. తర్వాత మర్చిపోయానని. నాకే మొదలయ్యాక, నీకు చెబితే నన్ను అడుగుతావని. నీకు నలభై రెండు చిట్టీ. లెక్క నాకు ప్రతి పుట్టినరోజుకీ తెలుసు.

నా కళ్ళు పోతే పోనీ అనుకున్నా. అది నా ఇష్టం. నీ కళ్ళ మీద నాకేం హక్కుంది? నువ్వు ముందు చూపించుకో. చూపించుకున్నానని రాసేదాకా నన్నేమీ అడగకు.

అక్క


ట్రైనింగ్ కాలేజీ, మేడ మీది గది
అక్టోబరు 27

అక్కా,

చూపించుకున్నాను. ప్రస్తుతానికి ఏమీ లేదు, ఏడాదికోసారి రమ్మన్నారు. నువ్వు స్థిమితపడాలని ఈ మాట మొదట రాశాను. రెండో మాట, నాకు కోపం వచ్చింది. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, గడ్డం ఆనించి ఆ యంత్రంలోకి చూస్తున్నంతసేపూ నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. బయటికొచ్చాక ఏడ్చాను. కోపం ఇంకా పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం రాయను.

శుక్రవారం పదిహేను మంది ముందూ నిలబడి చెప్పాను. ఆ రోజు ఒక మనిషి గురించి గంటసేపు తప్పు పాఠం చెప్పాను, ఆమె మా అక్క, ఆమెకి కనబడలేదు అన్నాను. రెండో నియమం మార్చేశాను. ఇకమీద బొమ్మలో ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఏమేముందో ముందు అందరూ చెప్పాలి. ఆ తర్వాతే అది ఎవరికి ఎలా అనిపించిందో. పొడుగమ్మాయి చెయ్యెత్తి, బొమ్మ చూసేవాళ్ళని కూడా ముందు చూడాలి మేడమ్ అంది. రాసుకున్నాను. పరిశీలన పుస్తకం తనే రాసుకుంది కాబట్టి, పాపం, నీ దగ్గర ఆమె చెప్పిన పాఠాలు లెక్కలోకి రావు, మళ్ళీ ఇంకో స్కూల్లో చెప్పాలి. ఒప్పుకుంది.

గురువారం పొద్దున బస్సుకి వస్తున్నా. సంచి సర్దుకుని ఉండు. ఆసుపత్రిలో పది గంటలకి.

చిట్టి


ఇల్లు
నవంబరు 24

చిట్టీ,

నువ్వు వెళ్ళి పది రోజులు. చుక్కల మందు వేళకి వేసుకుంటున్నాను, నువ్వు గోడకి అంటించిన కాగితం ప్రకారమే. డాక్టరు చెప్పిన మాట నీ ముందు తేలిగ్గా తీసుకున్నట్టు నటించాను. కుడికన్ను పోయిన చలికాలమే వచ్చుంటే నిలిచేదన్నాడు చూశావా, ఆ మాట రోజూ అన్నం తినేటప్పుడు గుర్తొస్తుంది. ఎడమకంటికి ఆపరేషన్ జనవరిలో. పోయింది రాదు, ఉన్నది నిలబడుతుంది.

హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పాను. తిడుతుందనుకున్నాను, కుర్చీ ఇచ్చింది. డిసెంబరు ఆఖరు వరకూ నాతోపాటు ఇంకో టీచరు ఉంటుంది. తర్వాత ఐదో తరగతి ఆమెది. ఆ మాట నేనే అన్నాను, ఆవిడ అనకముందే.

పిల్లలకి చెప్పడమే మిగిలింది. రెండు రోజులు వాయిదా వేసి నిన్న చెప్పాను. నాకు పక్కలు కనబడవర్రా, గోడవైపు వాళ్ళనీ కిటికీవైపు వాళ్ళనీ నేను అడగకపోవడం మీ తప్పు కాదు, నాదే, ముందే చెప్పాల్సింది అన్నాను. అంతవరకే కూడబలుక్కున్నాను.

గోడవైపు నుంచి, వాళ్ళమ్మ వచ్చిందని రాశానే, ఆ పిల్ల గొంతు వినబడింది. "మాకు తెలుసు మేడమ్. అందుకే వంతులు వేసుకున్నాం" అంది.

ఏం వంతులని అడిగాను. మధ్య బెంచీల్లో కూర్చోవడానికట. రోజుకి ఆరుగురు. లీడరు నోట్సు చివరి పేజీలో పట్టిక గీసుకున్నారు. జూలై నుంచి, అంటే నీ పొడుగమ్మాయి రాకముందు నుంచే. పేజీ కంటికి దగ్గరగా పెట్టుకుని మెల్లగా చదివాను. ఈ పిల్ల పేరు ఉన్న ప్రతిచోటా కొట్టేసి ఉంది. పక్కన వేరేవాళ్ళ పేర్లున్నాయి. ఎందుకని అడిగితే, వాళ్ళకి లెక్కలు రావు మేడమ్, మీరు అడిగితే వస్తాయని ఇచ్చేశాను అంది. మరి నాకు కనబడదని మీ అమ్మకెందుకు చెప్పలేదే అన్నాను. "చెబితే మిమ్మల్ని తీసేస్తారని అందరం అనుకున్నాం" అంది.

నేను కుర్చీలో కూర్చున్నాను చిట్టీ. ఇన్ని నెలలూ నేను వాళ్ళకి తెలియకుండా దాస్తున్నాననుకున్నాను. వాళ్ళు నన్ను దాస్తున్నారు.

ఆ పట్టిక కొట్టేయమని చెప్పాను. ఇకనుంచి ఎవరి బెంచీలో వాళ్ళు కూర్చోండి, డిసెంబరు దాకా నేనే మీ దగ్గరికి నడిచి వస్తాను అన్నాను. లేచి గోడవైపు తిరిగాను. నేను అడుగు వేసేలోపే నా ముందు నేల మీద ఉన్న సంచులన్నీ బెంచీల కిందికి జరిగిన చప్పుడు వినబడింది.

అక్క